షిఫ్టు దిగాక చదువు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకి ఒక సంగతి రాశాను. 38వ ఏట, రాయగడ జిల్లాలో ఒక కాగితం మిల్లులో షిఫ్టులు చేస్తూనే, ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో, అంటే పనీ సరుకూ సాఫీగా నడిపించే చదువులో, పీజీ చదివానని. ఆ ఒక్క ముక్క పట్టుకుని పర్లాకిమిడి నుంచి కోరాపుట్ దాకా ఉత్తరాలు వచ్చాయి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలన్న తపన మన సరిహద్దు ఊళ్లలో ఇంతమందికి ఉందని చూసి నాకు చాలా సంతోషం కలిగింది. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు లేదు. ఐదింటిని తీసుకుంటున్నాను.

*

ప్రశ్న: మాస్టారూ, నేను రాయగడ దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మెటలర్జీలో బీటెక్. వయసు 37, ఇద్దరు పిల్లలు. నాకంటే ఐదేళ్లు చిన్నవాడు, ఎంబీయే ఉంది కాబట్టి నా పైన మేనేజరుగా వచ్చాడు. ఉద్యోగం వదలకుండా ఆపరేషన్స్‌లో పీజీ చెయ్యాలంటే ఎక్కడ చెయ్యాలి? ఇగ్నో డిగ్రీకి విలువ ఉంటుందా?

జవాబు: తమ్ముడూ, చిన్నవాడు పైకి వచ్చి కూర్చుంటే మనసు కష్టపడుతుంది. నాకూ ఆ అనుభవం ఉంది. కానీ ఆ కష్టం ఒక్కటే కారణంగా చేరితే మొదటి సెమిస్టర్ వరకే ఊపు ఉంటుంది. మీ ఫర్నేస్‌లో ట్యాపింగ్, అంటే కరిగిన లోహం బయటికి తీయడం, ఎందుకు ఆలస్యమవుతోంది, టన్నుకి కరెంటు యూనిట్లు ఒక షిఫ్టులో తక్కువ, ఇంకో షిఫ్టులో ఎక్కువ ఎందుకు పడుతున్నాయి అన్న ప్రశ్న నీకు ఉంటే మాత్రం నాలుగు సెమిస్టర్లూ లాగగలవు.

ఇక దారులు. ఇగ్నోలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్‌తోనే ఎంబీయే ఉంది. డిగ్రీలో జనరల్ కోటాకి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 45 శాతం మార్కులు ఉండాలి. రెండేళ్ల కోర్సు, నాలుగేళ్ల లోపు ఎప్పుడైనా పూర్తి చెయ్యొచ్చు. షిఫ్టుల మనిషికి ఈ వెసులుబాటే ప్రాణం. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం. వాళ్ల రీజనల్ సెంటర్ కోరాపుట్‌లోనే ఉంది, భువనేశ్వర్ దాకా తిరగాల్సిన పని లేదు. విలువ సంగతి అడిగావు. ప్రమోషన్‌కి దూరవిద్య డిగ్రీ లెక్కలోకి వస్తుందా అని మీ హెచ్‌ఆర్ వాళ్లని ముందే కాగితం మీద అడుగు. నోటి మాట పనికిరాదు. ఇంకో యూనివర్సిటీ ఏదైనా ఆన్‌లైన్ ఎంబీయే అని ఫోన్ చేస్తే, యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకి పేరు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టు.

రెండో దారి, ఉద్యోగం చేసేవాళ్ల కోసం పెద్ద సంస్థలు నడిపే ఎగ్జిక్యూటివ్ కోర్సులు. పేరు బలంగా ఉంటుంది, ఫీజూ అలాగే ఉంటుంది. మనకి దగ్గర విశాఖపట్నంలో ఐఐఎం 2015లో వచ్చింది. అదే ఏడు ఒడిశాలో సంబల్‌పూర్‌కీ ఐఐఎం వచ్చింది. ఈ సబ్జెక్టుకే పేరుపడ్డది ముంబైలో నీటీ అనే పాత పారిశ్రామిక ఇంజనీరింగ్ సంస్థ. 1963లో పెట్టారు, 2023 నుంచి ఐఐఎం ముంబై అయింది. మా తరంలో ప్లాంటు మేనేజర్లు ఆ పేరుని గౌరవంగా పలికేవారు. వారాంతపు తరగతులంటే శనివారం రాయగడలో బండెక్కి ఆదివారం రాత్రి ఇల్లు చేరడం. నీది షిఫ్టుల ఉద్యోగం. శని, ఆదివారాలు రెండేళ్ల పాటు సెలవు ఇస్తామని కంపెనీ రాసిస్తే తప్ప ఆ దారిలో దిగకు. నేను నీ చోట ఉంటే ఇగ్నోలోనే చేరతాను.

ఒక హెచ్చరిక. మొదటి ఏడాదంతా అకౌంట్స్, మార్కెటింగ్, మనుషుల నిర్వహణ, ఇలాంటివే ఉంటాయి. ఆపరేషన్స్ స్పెషలైజేషన్ పేపర్లు రెండో ఏట గానీ రావు. చాలామంది ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. నేను తెల్లవారి నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా చదివేవాణ్ణి, రాత్రి పూట ఉండే సి షిఫ్టు వారం తప్ప. సి షిఫ్టు వారం పుస్తకం ముట్టుకునేవాణ్ణి కాదు. మీ ఆవిడతో మాత్రం ముందే కూర్చుని మాట్లాడు. ఆ రెండేళ్లలో పిల్లల జ్వరాలు, కరెంటు బిల్లులు, చుట్టాల పెళ్లిళ్లు ఆవిడ మీద పడతాయి. మా ఇంట్లో పడ్డాయి. నా డిగ్రీలో సగం ఆవిడదే.

*

ప్రశ్న: గుణుపురం దగ్గర రైస్ మిల్లులో మేనేజర్‌ని మాస్టారూ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం, ఇప్పుడీ పుస్తకాలన్నీ ఇంగ్లీషు. బీకాం చదివాను. సిలబస్‌లో ఫార్ములాలు చూస్తేనే టెన్షన్ వస్తోంది. నా వల్ల అవుతుందా?

జవాబు: మా ఊరివాడివి, కాబట్టి గట్టిగానే చెబుతాను. అవుతుంది. నేనూ గుణుపురంలో అలాగే చదివాను. తెలుగులో ఆలోచించి, ఒడియాలో గుణకారం చేసి, ఇంగ్లీషులో రాసినవాణ్ణే. ఇప్పటికీ ఎక్కాలు నా నోట ఒడియాలోనే వస్తాయి. కొత్త ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా మీ మిల్లులో దాన్ని ఏమంటారో పక్కన తెలుగులో రాసుకో. పరీక్షలో మాట మరిచిపోయినా మిల్లు గుర్తొస్తుంది.

ఫార్ములా భయం పోవడానికి ఒకటి చేసి చూపిస్తాను. ఒకసారికి ఎంత సరుకు తెప్పించుకోవాలి అన్న లెక్క ఇది. ఫోర్డ్ హారిస్ అనే ఆయన 1913లో రాశాడు, ఇవాళ్టికీ మొదట చెప్పేది దీన్నే. మీ మిల్లులో వడ్లు పొట్టు తీసే రబ్బరు రోలర్లు అరిగిపోతుంటాయి కదా. ఏడాదికి 180 కావాలనుకో. ఆర్డర్ పెట్టిన ప్రతిసారీ ఆటో, హమాలీ, ఫోన్లు కలిపి 400 రూపాయలు. ఒక రోలర్‌ని ఏడాది పాటు స్టోర్‌లో ఉంచితే దాని మీద ఇరుక్కున్న డబ్బుకి వడ్డీ, నష్టం కలిపి 160 రూపాయలు. రెండింతల 180ని 400తో గుణిస్తే 1,44,000. దాన్ని 160తో భాగిస్తే 900. వర్గమూలం 30. అంటే 30 చొప్పున ఏడాదికి ఆరుసార్లు తెప్పించుకోవాలి. ఆర్డర్ల ఖర్చు 2,400, నిల్వ ఖర్చు 2,400, మొత్తం 4,800. ఇంతే లెక్క. మీ బీకాం దీనికి ఎక్కువ.

అసలు రుచి దీని తర్వాత ఉంది. నువ్వు తప్పు చేసి 30కి బదులు 45 తెప్పించావనుకో. ఆర్డర్లకి 1,600, నిల్వకి 3,600, మొత్తం 5,200. ఆర్డర్‌లో సగానికి సగం తప్పు జరిగితే ఖర్చు పెరిగింది 8 శాతమే. అదే 15 చొప్పున తెప్పిస్తే 6,000, అంటే 25 శాతం ఎక్కువ. కాబట్టి అంకె అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు, కానీ మరీ తక్కువ వైపు తప్పడం కంటే కాస్త ఎక్కువ వైపు తప్పడం మేలు. పరీక్షలో మొదటి భాగం అడుగుతారు. మిల్లులో పనికొచ్చేది ఈ రెండోది. రబ్బరు పాతబడితే గట్టిపడుతుంది కాబట్టి ఎక్కువ వైపుకీ హద్దు ఉంటుంది, అది పుస్తకం కంటే నీకే బాగా తెలుసు.

*

ప్రశ్న: కోరాపుట్ జిల్లాలో ఒక పెద్ద కర్మాగారంలో ప్రొడక్షన్ విభాగంలో ఉన్నాను. వయసు 49. ఇప్పుడు మొదలుపెట్టడం ఆలస్యమా? మీకు ఆ చదువు పనిలో నిజంగా అక్కరకొచ్చిందా? ఒక్క సంఘటన చెప్పండి.

జవాబు: డిగ్రీ కాగితం మీకు అవసరం లేకపోతే రెండేళ్ల కోర్సు వద్దు. ఇంటర్నెట్‌లో కేంద్ర ప్రభుత్వం వారి స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి, ఐఐటీ అధ్యాపకులు చెప్పేవి. చదవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. వారం వారం అసైన్‌మెంట్లకి 25 శాతం, పరీక్షకి 75 శాతం. ఎనిమిది వారాలు, పన్నెండు వారాల కోర్సులు ఉంటాయి. 49 ఏళ్ల మనిషికి ప్లాంటు గురించి తెలిసింది 25 ఏళ్ల కుర్రాడికి తెలియదు. ఆ తేడా మీకు కలిసొస్తుంది.

సంఘటన అడిగారు. మా మిల్లులో నోటు పుస్తకాల కాగితం 70 జీఎస్ఎం. అంటే చదరపు మీటరుకి 70 గ్రాములు. రీలు దిగిన ప్రతిసారీ కాగితం మీద గుండ్రటి కట్టర్ పెట్టి తిప్పితే సరిగ్గా వంద చదరపు సెంటీమీటర్ల బిళ్ల ఊడి వస్తుంది. దాన్ని త్రాసు మీద పెడితే 0.70 గ్రాములు చూపించాలి. 0.71 వస్తే పల్పు వాల్వు కాస్త మూసేవాళ్లం, 0.69 వస్తే కాస్త తెరిచేవాళ్లం. రాత్రంతా ఇదే పని. ఇంత జాగ్రత్తగా ఉన్నా బరువు 67 నుంచి 73 మధ్య ఊగుతూనే ఉండేది. నేను రీలు రీలుకీ బిళ్ల కోస్తూ, ఆపరేటర్ వాల్వు తిప్పుతూ, ఇదే శ్రద్ధ అనుకునేవాళ్లం.

కోర్సులో కంట్రోల్ చార్టు పాఠం వచ్చింది. వాల్టర్ షూహార్ట్ 1924లో బెల్ కంపెనీలో గీసిన పటం. ఏ యంత్రానికైనా తన సహజమైన ఊగులాట ఒకటి ఉంటుంది, ఆ హద్దుల లోపల ఉన్నంతసేపు చెయ్యి పెట్టకూడదు, చెయ్యి పెడితే ఊగులాట ఇంకా పెరుగుతుంది అని అందులో సారం. చదువుతుంటే నాకు మా వాల్వే కళ్ల ముందు కదిలింది. మర్నాడు రాత్రి లాగ్ షీటు వెనకాల మూడు గీతలు గీశాను, నడిమిది 70. పై గీతా కింద గీతా దాటితే తప్ప వాల్వు ముట్టుకోవద్దన్నాను. మా పాత ఆపరేటర్ ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి. "వాల్వు ముట్టుకోకపోతే ఇంక నేనెందుకు బాబూ ఇక్కడ?" అన్నాడు. ఆ మాటలో ఎంత బాధ ఉందో నాకు అప్పుడు తెలిసింది. "గీత దాటిందంటే పల్పు పరుచుకునే వైర్ జల్లెడ మీదో, పల్పు చిక్కదనంలోనో ఏదో మారిందన్న మాట. అదేంటో కనిపెట్టేది నువ్వు తప్ప ఈ మిల్లులో ఎవరున్నారు?" అన్నాను. ఆ రాత్రి వాల్వు ముట్టుకోలేదు. చుక్కలన్నీ 68కీ 72కీ మధ్యే పడ్డాయి. తెల్లారి ఆ కాగితాన్ని ఆపరేటరే జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లాడు.

*

ప్రశ్న: బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌చార్జిని. ఓపీలో రిజిస్ట్రేషన్ దగ్గర జనం గంటగంటన్నర నిలబడుతున్నారు. కౌంటర్లో అమ్మాయి ఖాళీగా కూర్చున్నది లేదు. ఈ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ ఫ్యాక్టరీల వాళ్లకేనా, మాలాంటివాళ్లకి కూడా పనికొస్తుందా?

జవాబు: అమ్మా, క్యూల లెక్క పుట్టిందే ఫ్యాక్టరీ బయట. 1909లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఇంజనీరు కాల్స్ లెక్కలతో దాన్ని మొదలుపెట్టాడు. మీ ఓపీ లెక్క చూడండి. ఒక్కో రోగికి మూడు నిమిషాలంటే కౌంటర్ గంటకి 20 మందిని పంపగలదు. రాకపోకలు ఒక తీరుగా ఉండవు కాబట్టి, గంటకి 16 మంది వస్తే సగటున 12 నిమిషాలు నిలబడాలి. 18 మంది వస్తే 27 నిమిషాలు. 19 మంది వస్తే 57 నిమిషాలు. ఒక్క మనిషి పెరిగితే అరగంట పెరిగింది. "అమ్మాయి ఖాళీగా కూర్చున్నది లేదు" అని మీరు మెచ్చుకోలుగా రాశారు. మీ క్యూకి కారణం అదే. కౌంటర్ మనిషికి గంటలో కాస్త ఖాళీ ఉండి తీరాలి. ఆ ఖాళీని యాజమాన్యం దండగ అనుకుంటే రోగి ఎండలో నిలబడి ఆ మూల్యం చెల్లిస్తాడు.

ఇది రోజంతా ఒకేలా జనం వస్తారనుకుని వేసిన లెక్క. మీ దగ్గర ఇచ్ఛాపురం నుంచి, దిగపహండి నుంచి పొద్దుటి బస్సులు దిగగానే ఒక్కసారి పడతారు. ఆ గంటన్నర ఇంకా ఘోరం. రెండో కౌంటర్‌ని రోజంతా అడగకండి, ఇవ్వరు. పొద్దున్న ఆ గంటన్నరకి అడగండి. పాత చీటీతో వచ్చేవాళ్లని వేరే వరసలో పెట్టండి, వాళ్లకి నిమిషం చాలు.

మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి 1976లో 11 పడకలతో మొదలైంది. అక్కడ ఒక సర్జన్‌కి రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ నడుస్తుండగానే రెండో బల్ల మీద తర్వాతి రోగిని నర్సులు సిద్ధం చేసేస్తారు. ఎంబీయే విద్యార్థులు ప్రపంచమంతా దాన్ని పాఠంగా చదువుతున్నారు. ఆ పద్ధతిని నడిపించేది నర్సులే. మీరు ఈ కోర్సులో చేరాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

*

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర మా మావయ్య గారి జీడిపప్పు ఫ్యాక్టరీ నేనే చూసుకుంటున్నాను మాస్టారూ. ఆర్డర్లు ఉన్నాయి, సరుకు అందించలేకపోతున్నాను. పోయిన ఏడు కటింగ్‌కి, అంటే గింజ పెంకు కోయడానికి, ఎనిమిది మంది ఆడవాళ్లని కొత్తగా పెట్టాను. రోజుకి డబ్బాల్లోకి వెళ్లేది మాత్రం అదే 400 కిలోలు. ఎంబీయే చేస్తే ఇలాంటివి తెలుస్తాయా? మావయ్య "చదువుకి పోసే డబ్బుతో ఇంకో బాయిలర్ వస్తుంది" అంటున్నారు.

జవాబు: బాబూ, నువ్వు బస్తాల లెక్కంతా వివరంగా రాసి పంపావు, అందుకే నీకు ఎక్కువ రాస్తాను. ఉత్తరం వెనక పక్క నువ్వు రాసిన ఒక అంకె దగ్గర నేను ఆగిపోయాను. కటింగ్ అయ్యి, బోర్మా అనే వేడి గదిలో ఎండి, పొర తీయడానికి ఎదురుచూస్తున్న పప్పు 2,400 కిలోలు ఉందన్నావు. దాన్ని నువ్వు "నిల్వ బాగానే ఉంది" అని రాశావు. నాకు మాత్రం నీ జబ్బు అక్కడే కనిపించింది.

జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం ఒకటి ఉంది. లోపల ఉన్న సరుకుని, రోజుకి బయటికి వెళ్లే సరుకుతో భాగిస్తే, ఒక్కో గింజ లోపల ఎన్ని రోజులు పడి ఉంటుందో వస్తుంది. 2,400ని 400తో భాగించు. ఆరు రోజులు. బోర్మాలో కరకరలాడేలా ఎండిన పప్పు ఆరు రోజులు గాలికి ఉంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? చెమ్మ పీలుస్తుంది, పొర మళ్లీ అంటుకుంటుంది, కత్తితో గీకితే పప్పు విరుగుతుంది. డబ్ల్యూ 320 అనే రకానికి వెళ్లాల్సిన గుండు పప్పు, పౌండుకి 300 నుంచి 320 తూగే గింజ, బద్దల్లోకి పోతుంది. ఆ రెండు ధరల తేడాని నీ చిట్టాలో చూడు. నీకు సరుకు తగ్గడమే కాదు, సరుకు రకమూ తగ్గుతోంది. మర్చిపోకుండా వర్షాకాలం నెలల్ని విడిగా లెక్కపెట్టు.

నువ్వు ఎనిమిది మందిని పెట్టింది కటింగ్‌లో. ఇరుకు ఉన్నది పొర తీసే పీలింగ్‌లో. గోనెసంచి మూతి సన్నగా ఉంటే అడుగున ఎంత పోసినా మూతిలోంచి వచ్చేది అంతే. ఈ చదువులో థియరీ ఆఫ్ కన్‌స్ట్రెయింట్స్ అని ఒక పాఠం ఉంటుంది. ఇరుకు దగ్గర పోయిన గంట ఫ్యాక్టరీ మొత్తానికి పోయిన గంట, ఇరుకు లేని చోట మిగిల్చిన గంటతో ఒక్క డబ్బా కూడా పెరగదు అని దాని సారం. కొత్త బాయిలర్ వచ్చినా పీలింగ్ ముందున్న ఆ పప్పు గుట్టే పెరుగుతుంది. ఈ మాట మావయ్య గారికి గౌరవంగా చెప్పు.

చెయ్యాల్సింది ఏమిటంటే, కటింగ్ వాళ్లలో పొర తీయడం వచ్చినవాళ్లని పీలింగ్‌కి మార్చు. పీలింగ్ బల్లల దగ్గర పప్పు ఎప్పుడూ అయిపోకూడదు, రెండు రోజుల సరుకు మించి పేరుకోకూడదు. అంటే 800 కిలోలు. గుట్ట అంతకు పెరిగితే కటింగ్ తగ్గించాలి. మధ్యాహ్నం భోజనాల వేళ పీలింగ్ మొత్తం ఒకేసారి లేవకుండా రెండు విడతలుగా లేచేలా చూడు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మీ దగ్గర కిలోకింత అని కూలి ఇస్తారు. కటింగ్ తగ్గించమంటే ఆ ఆడవాళ్ల కూలి తగ్గుతుంది. లెక్క నీకు కుదిరింది కదా అని వాళ్ల కడుపు కొట్టకూడదు. మార్చిన నెలలో, వాళ్లకి అంతకుముందు మూడు నెలల సగటు కంటే కూలి తగ్గదని ముందే మాట ఇవ్వు. చేతివేగం కొత్త పనిలో రావడానికి కొన్ని వారాలు పడుతుంది. పప్పు విరగడం తగ్గితే వచ్చే డబ్బులోంచి ఆ తేడా కట్టొచ్చు. ఇది పాఠ్యపుస్తకంలో ఒక మూల ఉంటుంది. నా మనసులో మాత్రం మొదట ఉంటుంది. కూలి తగ్గుతుందని భయపడ్డ మనిషి నీకు నిజమైన అంకె చెప్పదు, అంకె నిజం కాకపోతే ఏ సూత్రమూ నీకు పనిచెయ్యదు.

ఎంబీయేలో ఇవి తెలుస్తాయా అని అడిగావు. తెలుస్తాయి. ఈ ఉత్తరంలో నేను రాసినవన్నీ కోర్సులో ఆపరేషన్స్ పేపర్ల తొలి పాఠాలే. కానీ ఏ వారం చదివిన పాఠాన్ని ఆ వారమే ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లి కొలవాలి. అలా చేసేవాడికి ఫీజు ఏడాది తిరక్కుండా తిరిగొస్తుంది. మావయ్య గారి దగ్గర డిగ్రీ సంగతి ఇప్పుడే ఎత్తకు. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని రోజూ సాయంత్రం మూడు అంకెలు రాయి: పీలింగ్ ముందు ఎన్ని కిలోలు ఉంది, డబ్బాల్లోకి ఎన్ని కిలోలు వెళ్లింది, అందులో గుండ్లు ఎన్ని. నెల నిండాక ఆ కాగితం ఆయన చేతికి ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా కూర్చో.

సంక్రాంతికి నేను గుణుపురం వస్తున్నాను. కనుమ వెళ్లాక పూరీ బండిలో పర్లాకిమిడిలో దిగుతాను. ఆ కాగితం బోర్మా గది తలుపు మీద అతికించి ఉంచు. అక్కడే నిలబడి ఇద్దరం చదువుదాం.